మూయవలసిన చోట్లు

సినిమా పెట్టే ముందు, పాస్టరు గారింట్లో, జకర్యా గారు ప్రార్థన చేశారు. "ప్రభువా, ఇందులో మా పిల్లలకు కీడు చేసేది ఏదైనా ఉంటే అది మా కళ్ళు తప్పించుకుని పోకుండా చూడు" అన్నారు. కాంతమణి కళ్ళు మూసుకోలేదు. లోపల స్టౌ మీద టీ గిన్నె ఉంది. దాన్ని పెట్టిన పాస్టరమ్మ ప్రేమమణి ఇక్కడ తల వంచుకుని కూర్చుంది. టీ పొంగితే మంట ఆరుతుంది, మంట ఆరినా గ్యాసు వస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు తెలియక లైటు స్విచ్చి వేస్తారు. ఆమెన్ అనగానే అందరికంటే ముందు లేచి వంటింట్లోకి పోయింది. టీ పొంగలేదు. అయినా మంట తగ్గించి వచ్చింది.

"సిలిండరు సంగతేనా అమ్మా?" అన్నారు జకర్యా గారు నవ్వుతూ. "ఇందుకేగా మిమ్మల్ని పిలిచింది. మీ కళ్ళబడి నెగ్గిందంటే దానికింక ఢోకా లేదు."

ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చి పెద్ద. బాపట్ల నుంచి లాలాగూడకు వచ్చి సగం జీవితం అయినా మాట మాత్రం అక్కడిదే. ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పిల్లలకు నడిపే వి.బి.ఎస్. ఆయన చేతుల మీదే జరుగుతుంది. పాటలు, కథలు, కంఠత వాక్యాలు, ఆఖరి రోజు బహుమతులు. ఈసారి ఆఖరి రోజు జూపార్కుకు తీసుకుపోతామని పిల్లలకు చెప్పారు. ఏ రోజు బంద్ అంటారో, ఏ బస్సు మీద రాళ్ళు పడతాయో తెలియని ఉద్యమం రోజులు. మాట్లాడుకున్న బస్సువాడు రానన్నాడు. కాంతమణి లోలోపల స్తోత్రం చెప్పుకుంది. జూపార్కు పక్కనే చెరువు. దానికి బదులు సినిమా వేద్దామన్నాడు ఆర్థర్.

ఆర్థర్ యూత్ లీడరు. అమీర్‌పేటలో కంప్యూటర్ బొమ్మల కోర్సు చేశాడు. అతని సీనియర్లు ఎవరో సరదాకు చేసిన బొమ్మల సినిమా అది. పేరు 'గంపరాజు దండయాత్ర'. పాత జానపద సినిమాలను వెక్కిరిస్తూ తీసింది. రాజులకు అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు, మాట ఒకటైతే పెదవులు కదిలేది ఇంకొకటి. అంగట్లో అమ్మేది కాదు. పెన్‌డ్రైవుల్లో, ఫోన్లలో తిరుగుతోంది.

పోయినేడు వేసిన సినిమాలో ఒక పాట మీద తల్లులు గొడవ చేశారు. అందరికంటే ఎక్కువ చేసింది కాంతమణే. అందుకని ఈసారి ముందుగా ముగ్గురు కూర్చుని చూసి, పిల్లలకు పనికొస్తుందో లేదో తేల్చాలనుకున్నారు. ఒక పెద్ద, ఒక పాస్టరమ్మ, ఒక తల్లి.

"కాంతమణి గారు సరే అన్నారంటే ఇంక సికింద్రాబాదులో ఏ తల్లీ నోరెత్తదు" అన్నారు జకర్యా గారు. అది మెచ్చుకోలో వెక్కిరింపో ఆమెకు తెలియలేదు. పదో తరగతి తప్పిన తనను హెడ్మాస్టరు గారు పక్కన కూర్చోబెట్టుకుని సలహా అడుగుతున్నారు. అది మాత్రం తెలిసింది. కొంగు సర్దుకుని కూర్చుంది.

సినిమా మొదలైంది. గంపరాజు కల్లుకుండ ఎత్తి తాగి సైనికుణ్ణి అమ్మనాబూతులు తిట్టాడు. "మూయాలి" అన్నారు జకర్యా గారు. రాకుమారి కొలనులో దిగింది. "మూయాలి, మూయాలి." గురువుగారు ప్రవచనం చెబుతూ చెబుతూ గురక పెట్టి, గడ్డంలో ఎలుక దూరితే ఎగిరిపడ్డాడు. ఆర్థర్ నవ్వబోయి ఆగాడు. జకర్యా గారి ముఖం ముడుచుకుంది. "వేషం ఏదైతేనేం, బోధించేవాణ్ణి ఎగతాళి చేయడం పిల్లలకు నేర్పకూడదు. మూయాలి."

మూయడమంటే అంతే, నిజంగానే మూయడం. చర్చిలో సినిమా వేసినప్పుడల్లా ప్రొజెక్టర్ పక్కన ఒకరు అట్టముక్క పట్టుకుని కూర్చుంటారు. మూయవలసిన చోటు రాగానే లెన్సుకు అడ్డం పెడతారు, ఇంకొకరు సౌండు తగ్గిస్తారు. ఆ ముక్కలు కోసి తీసేద్దామంటే ఆర్థర్ కంప్యూటరు పాడైంది.

సగంలో మంత్రి వచ్చాడు. గుమ్మడికాయంత తల, సన్నటి మెడ. శత్రువులు కోటలోకి వచ్చేశారని రాజుకు చెప్పాలి. "శ... శ... శ..." అంటాడు. దవడ ఒక పక్కకు పోతుంది. కళ్ళు తేలేస్తాడు. పాదం నేలకు టపటపా కొడతాడు. రాజు మంచం మీద పడుకునే "శనగలా? శొంఠా? శాలువానా?" అని అడుగుతుంటాడు. ఈలోగా శత్రువులు రాజు తల కింద దిండు తీసుకుపోతారు, ఒంటి కింద మంచం తీసుకుపోతారు, కిరీటం తీసుకుపోతారు. చివరికి రాజు లేచి మంత్రి పిర్ర మీద ఒక్క తన్ను తంతాడు. వెనక నుంచి పెద్ద చప్పుడు, దాంతోపాటే ముందు నుంచి మాట బయటపడతాయి.

జకర్యా గారు కళ్ళజోడు తీసి పంచె కొసతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాంతమణికీ నవ్వొచ్చింది. పెదవుల దాకా వచ్చింది. అప్పుడు మంత్రి మళ్ళీ మాట కోసం పాదం నేలకు కొట్టాడు.

మాట ఆగినప్పుడు ఆమె కూతురు డోరా కూడా కాలి బొటనవేలు నేలకు నొక్కుతుంది. చెప్పులో ఉన్నా తెలుస్తుంది, మడమ లేస్తుంది.

"అంకుల్, ఇది..." అంది కాంతమణి.

"ఆ చప్పుడా? దానికేం, తగ్గించేద్దాం. ఆ తన్ను దగ్గర సౌండు తీసేయవోయ్ ఆర్థర్."

"చప్పుడు కాదంకుల్. ఆ మంత్రిది... మొత్తం."

"మంత్రిదా!" ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమెను చూశారు. "అందులో బూతేముందమ్మా? శుభ్రమైన హాస్యం. ఒక్క చెడ్డమాట లేదు. అసలు మాటే లేదుగా పాపం వాడికి!" మళ్ళీ నవ్వొచ్చింది ఆయనకు.

పాస్టరమ్మకు అర్థమైంది. కాంతమణి మోకాలి మీద చెయ్యి వేసింది. "డోరా కోసమా అమ్మా?"

"అట్ల కాదమ్మగారు" అంది కాంతమణి వెంటనే. ఎందుకు కాదందో ఆమెకే తెలియలేదు. కూతురికి నత్తి అన్న మాట ఆమె నోటి నుంచి ఎన్నడూ బయటికి రాలేదు. ఎవరన్నా అడిగితే, జెర నిమ్మళంగ మాట్లాడ్తది అనేది. ఇప్పుడు ఆ మాట ఇక్కడ, వీళ్ళ ముందు, ఆ బొమ్మ పక్కన పెట్టి చెప్పాలి.

"డోరాది అంత ఎక్కువేం లేదులే" అంది పాస్టరమ్మ. "మనం దాస్తేనే పిల్లలకు ఇంకా బెదురు పడ్తది. నలుగురితోటి కూచుని నవ్వితే అదే పోతది."

"ఎనభైమంది పిల్లలమ్మా" అన్నారు జకర్యా గారు. ఈసారి గొంతులో నవ్వు లేదు, ఓపిక ఉంది. "జూ లేదని ఏడుస్తున్నారు. ఒక్క పాప కోసమని..." మిగతాది ఆమెకే వదిలేశారు. "ఇంకేమైనా అభ్యంతరం ఉందా? ఉంటే చెప్పండి, మొహమాటం లేదు."

కాంతమణి టీ కప్పులో మీగడ వంక చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"అయితే మూసే పని కూడా మీదే. మీకంటే జాగ్రత్త మనిషి ఈ చర్చిలో ఎవరున్నారు?"

సాయంత్రం ఇంట్లో, రైల్వే క్వార్టర్ వెనక వరండాలో, చాప మీద మామిడికాయ ముక్కలు ఉన్నాయి. కాంతమణి ఒక్కొక్క ముక్కను పాత చీర పేలికతో తుడుస్తోంది. ముక్కకు ఒక్క చుక్క తడి ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుంది. తుడిచినదాన్ని వెలుగుకు పెట్టి చూసి మళ్ళీ తుడుస్తోంది. ఎదురుగా డోరా ఆఖరి రోజు స్టేజి మీద చెప్పవలసిన కంఠత వాక్యం చెబుతోంది. ఆ పిల్ల ఆరో తరగతికి పోవాలి. రెండు జడలు, మోచేతి మీద మానుతున్న గాయం.

మొదటి మాట 'క'తో మొదలవుతుంది. డోరా ఊపిరి పట్టింది. మెడనరం లేచింది. బొటనవేలు చాపకు నొక్కుకుంది.

"తొందర లేదు. ఊపిరి ఇడిశి చెప్పు" అంది కాంతమణి, ముక్క వైపే చూస్తూ. తాను చూస్తే ఇంకా ఆగుతుంది.

"క... క... మమ్మీ, పాట లెక్క చెప్తే రాదా?"

పాటలో ఆగదు. వాక్యానికి ఏదో ఒక రాగం కట్టి పాడితే మొదటి నుంచి చివరిదాకా నీళ్ళు పోసినట్టు పోతుంది. "పాస్టరమ్మనడుగుత. నువ్వు రెండు తీర్ల చెప్పు" అంది కాంతమణి.

పోయినేడు డోరా స్టేజి మీద మొదటి మాట దగ్గరే ఆగితే, టీచరే మిగతాది గబగబా చెప్పేసి భుజం పట్టుకుని దింపింది. ఈసారి మొత్తం తానే చెప్పాలని డోరా పంతం. కాంతమణికి పంతం లేదు. భయమే ఉంది. పిల్ల స్టేజి మీద ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు, ఇంటికొచ్చి మాట్లాడడం మానేస్తుంది, బళ్ళో మానేస్తుంది, పెద్దయ్యాక కూడా మానేస్తుంది. ఆమె ఆలోచన ఎప్పుడూ చివరి మెట్టుదాకా పోయి గానీ ఆగదు.

"సినిమా మంచిగున్నదా మమ్మీ?"

"ఏం మంచి! పిచ్చి సినిమా."

"మంత్రి ఉన్నడా అండ్ల?"

పేలిక ఆగింది. "నీకెవరు చెప్పిన్రు?"

"యెషయా వాళ్ళన్న ఫోన్ల ఉన్నది. అందరం చూసినం."

"చూసి ఎవరన్న నిన్నేమన్న అన్నరా?"

"ఏమనలే" అంది డోరా. చాలా తొందరగా అంది.

వర్క్‌షాపు నుంచి జీవరాజు వచ్చాడు. చేతులకు సబ్బుపొడి రుద్దుకుంటూ భార్య చెప్పిందంతా విన్నాడు. "నువ్వేందే, ఊకె అన్నిటికి పరేషాన్ అయితవ్. నచ్చకుంటే నచ్చలేదని చెప్పేది ఉండె."

"చెప్పిన. ఇనలేదు."

"గట్టిగ చెప్పినవా?"

ఆమె ఇంకో ముక్క అందుకుని తుడిచింది.

"అయితే ఆ రోజు పంపకు. కడుపునొస్తున్నదని చెప్పు."

"వాక్యాలు సుత ఆ రోజే. సినిమా అయినంక."

"చెప్పకుంటే ఏమైతది? దేవుడు కొడ్తడా?"

లోపలి నుంచి డోరా గొంతు వినపడింది. "నాకు క... క... కడుపునొప్పి లేదు. నేను పోత."

జీవరాజు చేతులు కడుక్కుని తువ్వాలు కోసం చూశాడు. కాంతమణి లేచి ఇచ్చింది.

మర్నాడు చర్చికి పోయి పాస్టరమ్మను అడిగింది. పాస్టరమ్మ బహుమతులకు రంగుకాగితం చుడుతోంది.

"పాడుడా? వద్దమ్మా. అందరికి ఒక్కటే పద్ధతి. డోరా పాడితే రేపు ఇంకొకరు చూసి చదువుత అంటరు. నువ్వు ప్రార్థన చెయ్యి, అన్నీ అయితయి" అంటూ టేపు ముక్క కొరికి అతికించింది. "జెర ఈ కొన పట్టు."

కాంతమణి కొన పట్టుకుంది.

హాల్లో ఆర్థర్ ప్రొజెక్టర్ బిగించి ఉన్నాడు. మూసే పని నేర్పడానికి కూర్చున్నాడు. "ఆంటీ, సీను వచ్చినంక పెడితే లేటైతది. ముందే పసిగట్టాలె. కల్లుకుండ గుడగుడమన్నది అనుకోండి, అట్ట రెడీ. గజ్జెలు వినబడితే కొలను. గంట కొడితే గురువు. గప్పున కొట్టినట్టు పెట్టొద్దు. పక్క నుంచి నిమ్మళంగ జరిపితే పిల్లలకు డౌట్ రాదు."

ఆమె నేర్చుకుంది. గుడగుడ, అట్ట. గజ్జెలు, అట్ట. లెన్సు వేడి వేళ్ళ వెనక తగులుతోంది. వైరు కాలికి తగిలేట్టుందని దాన్ని బల్ల కింద నుంచి తిప్పించింది. స్టాండు కదులుతోందని కింద కాగితం మడిచి పెట్టింది. మూడోసారికి ఆర్థర్ చెప్పకుండానే అన్నిచోట్లా సరిగ్గా మూసింది.

"సూపర్ ఆంటీ! మా ఇన్‌స్టిట్యూట్ల జాయిన్ అయిపోండి."

"ఆర్థర్ నాయనా, ఆ మంత్రి సీను... దాన్ని జెర ముందుకు దొబ్బలేమా? ఉరికిస్తరు గద."

ఆర్థర్ తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. "ఆంటీ, అది తీస్తే సినిమాల ఏమున్నది? పిల్లలు దానికోసమే వస్తున్నరు. డోరా గురించి టెన్షన్ వద్దు ఆంటీ. చిన్నపిల్లలు, రెండ్రోజులైతే మర్చిపోతరు."

అతను నీళ్ళు తాగడానికి పోయాడు. సినిమా నడుస్తూనే ఉంది. మంత్రి రాకముందు ఢం అని ఒక దెబ్బ పడుతుంది డోలు మీద. ఆ ఢం విని కాంతమణి అట్ట జరిపింది. తెర నల్లబడింది. ఖాళీ హాల్లో "శ... శ..." అని గొంతు మాత్రం తిరిగింది. తలుపు వైపు చూసి అట్ట తీసేసింది. ఎవరూ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టారు. లోపల ఉక్క, పిల్లల చెమట, రస్నా వాసన. తివాచీల మీద మగపిల్లలు ఒక పక్క, ఆడపిల్లలు ఒక పక్క. డోరా మూడో వరసలో, కొసకు కూర్చుంది. పసుపు రిబ్బన్లు కాబట్టి కాంతమణికి వెనక నుంచి తెలుస్తోంది. సినిమా మొదలయ్యేదాకా ఆ పిల్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి.

కల్లుకుండ గుడగుడమంది. అట్ట జరిగింది. "హో..." అన్నారు పిల్లలు. అట్ట తొలగింది. గజ్జెలు. మళ్ళీ అట్ట, మళ్ళీ "హో...". గోడకానుకుని నిలబడ్డ తల్లులు కాంతమణి వైపు చూసి తలలూపారు. జకర్యా గారు ముందు కుర్చీలో నుంచి వెనక్కి తిరిగి బొటనవేలు చూపించారు.

ఢం.

చెయ్యి దానంతటదే పోయింది. తెర మొత్తం నల్లబడింది. సౌండు ఆర్థర్ దగ్గర ఉంది. ఇది మూసే చోటు కాదు గనక అతను తగ్గించలేదు. చీకట్లో "శ... శ... శ..." అంటున్నాడు మంత్రి.

మగపిల్లల్లో ఎవడో "శనగలా?" అన్నాడు, రాజు గొంతుతో. ఇంకొకడు "శొంఠా?" అన్నాడు. ఆ తర్వాత హాలంతా అందుకుంది. బొమ్మ వాళ్ళకు అక్కర్లేదు. ప్రతి మాటా వచ్చు, ఎక్కడ కాలు కొట్టాలో వచ్చు. తివాచీల మీద ఎనభై జతల కాళ్ళు టపటపా కొట్టుకున్నాయి.

"తీయున్రి ఆంటీ! తీయున్రి!"

"ఎందుకు మూసిందిరా? ఇండ్ల బూతు లేదు గద?"

"డోరా వాళ్ళ మమ్మీరా ఆమె. డోరా కోసం మూసింది."

ఆ మాట చీకట్లో ఒక వరస నుంచి ఇంకో వరసకు పోయింది. నవ్వు మారింది. అంతవరకు తెర వైపు నవ్వినవాళ్ళు ఇప్పుడు పక్కకు తిరిగి నవ్వుతున్నారు.

"డోరా! ఏయ్ నత్తిమంత్రీ! నువ్ చెప్పు!"

"కాంతమణి గారూ, ఇది కాదమ్మా!" జకర్యా గారు వంగి వంగి బల్ల దగ్గరకు వచ్చారు. "మనం అనుకున్న చోటు కాదిది." కోపంగా కాదు, అన్నంగిన్నె దగ్గర పిల్లవాడి చేతిని పక్కకు తప్పించినట్టు ఆమె మణికట్టు పట్టుకుని తప్పించారు. వెలుగు పోయి తెర మీద పడింది. సరిగ్గా తన్ను దగ్గర. హాలు కూలిపోయేట్టు నవ్వింది.

కాంతమణి పసుపు రిబ్బన్ల కోసం చూసింది. రిబ్బన్లు కనబడలేదు. ముఖం కనబడింది. అందరూ తెర చూస్తుంటే డోరా వెనక్కి తిరిగి తల్లిని చూస్తోంది. ఏడవడం లేదు. ఎందుకిట్ల చేసినవ్ అని అడుగుతున్నట్టు కూడా లేదు. అయిపోయిందాన్ని చూసినట్టు చూసి, తిరిగిపోయింది.

సినిమా అయ్యాక దుప్పట్లు విప్పారు. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చింది. కాంతమణి పిల్లల మధ్య నుంచి, కాళ్ళు తొక్కుతూ, మూడో వరస దగ్గరకు పోయింది. "రా బిడ్డా, ఇంటికి పోదాం. కడుపునొస్తుందని చెప్త."

డోరా చెయ్యి వెనక్కి లాక్కుంది. "నువ్వు కూచో మమ్మీ."

వాక్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరు స్టేజి ఎక్కి, చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా చెప్పి దిగుతున్నారు. పాస్టరమ్మ డోరా పేరు పిలిచింది. మగపిల్లల వైపు నుంచి "శ... శ..." అని లేచింది. "ష్! నిశ్శబ్దం" అన్నారు జకర్యా గారు. ఆయన మీసాల కింద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

డోరా మైకు ముందు నిలబడింది. ఊపిరి పీల్చింది. "క..." అంది. ఆగింది. మెడనరం లేచింది. బొటనవేలు చెక్కకు నొక్కుకుంది. కాంతమణి గోడకానుకుని, తన ఊపిరి కూడా పట్టుకుని, పెదవులతో ఆ మాట పూర్తి చేస్తోంది. మైకులో డోరా గొంతు గురగురమనడం వినబడుతోంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరమ్మ స్టేజి వైపు ఒక అడుగు వేసింది. పోయినేడు టీచరు వేసినట్టే.

అప్పుడు డోరా కాలెత్తి చెక్క మీద టపామని కొట్టింది.

హాలు ఉలిక్కిపడింది. డోరా దవడ ఒక పక్కకు తోసింది. కళ్ళు తేలేసింది. ముక్కుతో, మంత్రి గొంతుతో, వాక్యం అందుకుంది. ఒక్కొక్క మాటను పట్టుకుని లాగింది, కాళ్ళు కొట్టింది, మెడ సాగదీసింది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నవ్వేదాకా ఆగి, నవ్వు తగ్గాక తర్వాతి మాట చెబుతోంది. చివర్లో ఎగిరి తన మడమతో తన వెనకే తన్నుకుంది. వాక్యంలో ఆఖరి మాటలన్నీ ఒక్క గుక్కలో బయటపడ్డాయి.

చప్పట్లు, ఈలలు. పాస్టరమ్మ నవ్వాలో వద్దో తెలియక జకర్యా గారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆమె కూడా నవ్వింది.

గోడ దగ్గర కాంతమణి ఒక్కతే నవ్వలేదు. 'మ' దగ్గర డోరా ఎన్నడూ ఆగదు. మాటలు వచ్చినప్పటి నుంచి మమ్మీ అన్న పిలుపు ఒక్కసారి కూడా విరగలేదు. 'న' దగ్గర ఆగదు. 'య' దగ్గర ఆగదు. ఇప్పుడు వాటి దగ్గరే ఆగింది, వాటినే నమిలి నమిలి చెప్పింది. పీక పట్టుకునే 'క'లను, 'ప'లను మాత్రం ఆ ముక్కుగొంతు చాటున జారవిడిచింది. ఒక్కటి కూడా అడ్డం పడలేదు. ఎనభైమంది నవ్వింది డోరా నత్తికి కాదు. డోరా దాన్ని వాళ్ళకు చూపించలేదు.

"ఒక్క పొల్లు పోకుండా చెప్పింది!" జకర్యా గారు మైకు అందుకున్నారు. "ఇన్ని ఈలల మధ్య తొణక్కుండా చెప్పింది! ఈ ఏడు మొదటి బహుమతి మన మంత్రిగారికే!"

"మంత్రి! మంత్రి! మంత్రి!" అని అరిచారు పిల్లలు. డోరా వంగి, సినిమాలో వంగినట్టు వంగి, రంగుకాగితం చుట్టిన డబ్బా అందుకుంది.

దిగిపోతూ జకర్యా గారు కాంతమణి దగ్గర ఆగారు. "చూశారా? మీరు ఊరికే భయపడ్డారు. పిల్లల్ని మనం తక్కువగా అంచనా వేస్తామమ్మా" అన్నారు. ఆమె కళ్ళు తడిగా ఉండడం చూసి సంతోషపడ్డారు. "ఆనందబాష్పాలు! రానివ్వండి, రానివ్వండి."

ఇంటికి పోయే దారిలో వర్క్‌షాపు గోడ వెంట ఎండ ఇంకా మండుతోంది. డోరా ముందు నడుస్తోంది, డబ్బా చంకలో పెట్టుకుని. రంగుకాగితం విప్పలేదు. కాంతమణి ఎప్పటిలా 'గోడ పక్కకు నడువు, ఆటోలొస్తయి' అనలేదు.

"నీకు మ దగ్గర ఆగదు గద బిడ్డా" అంది చివరికి.

డోరా వెనక్కి చూడలేదు. "వాళ్ళకు తెల్వదు గద."

"ఎందుకట్ల చేసినవ్?"

"నువ్వు మూసినవ్. అందరికి తెలిసిపోయింది." అందులో నింద కూడా లేదు. కిరాణా నుంచి ఏం తెచ్చిందో చెప్పినట్టు చెప్పింది. "నేను మంత్రి లెక్క చెయ్యకుంటే వాళ్ళే చేస్తుండె, రోజు. ఇప్పుడు నేను చేస్తే నవ్వుతరు. నేను ఆపితే ఆపుతరు."

కాంతమణి ఏదో అనబోయింది. బడి తెరిస్తే అక్కడ కూడా ఇట్లనే చేస్తవా, ఆ తర్వాత, పెద్దయ్యాక... ఆ మాటల్లో మొదటిది నోటి దాకా వచ్చి నిలిచిపోయింది. బయటికి రాలేదు.

వెనక నుంచి సైకిళ్ళ మీద యెషయా, ఇంకో ఇద్దరు వచ్చారు. కాళ్ళు నేలకు ఆనించి ఆపారు.

"ఓ మంత్రీ! ఇంకొక్కసారి చెయ్యవా? వీడు రాలేదు ఇయ్యాల, చూడలేదు."

డోరా డబ్బా తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. రోడ్డు పక్కకు జరిగి, గౌను సర్దుకుని, దవడ ఒక పక్కకు తోసింది. పిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. కాంతమణి ఎండలో నిలబడి, ఆ ఆట అయ్యేదాకా ఆగింది.